వైద్య పరిశోధన ల్యాబ్ భవనం గ్రీన్‌గా కట్టాలంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

ప్లాన్‌షీట్

నాలుగు అంతస్తుల వైద్య పరిశోధన భవనం డిజైన్ నడుస్తోంది. మొత్తం 6,000 చదరపు మీటర్లు, అందులో ల్యాబ్ గదులు 2,000. సెల్ కల్చర్, మాలిక్యులర్ బయాలజీ ఎక్కువ, కెమిస్ట్రీ కొద్దిగా. బీఎస్ఎల్-3 సూట్ (గాలి ద్వారా సోకే ప్రమాదకర సూక్ష్మజీవులతో పనిచేసే మూసిన గదులు) ఒకటి, కింది అంతస్తులో ఎలుకల గదులు. వాతావరణం వేడి, పైగా ఉక్క. డిజైన్ లెక్కకు బయటి గాలి 35 డిగ్రీలు, తేమ 60 శాతం అని తీసుకున్నాం.

యజమానికి గ్రీన్ రేటింగ్ కావాలి. ఆర్కిటెక్ట్ జాబితాలో రెండు పొరల గాజు ముఖభాగం, పైకప్పు మీద సోలార్, రూఫ్ గార్డెన్ ఉన్నాయి. ఏసీ కన్సల్టెంట్ మాత్రం ప్రతి ల్యాబ్‌కీ గంటకు 12 గాలి మార్పులు (గది పరిమాణమంత గాలి గంటకు 12 సార్లు పంపడం), 24 గంటలూ, మొత్తం బయటి గాలే అని రాసి పంపారు. ఎందుకని అడిగితే "సేఫ్టీ" అన్నారు. బడ్జెట్ అన్నిటికీ చాలదు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? అంకెలతో చెబితే మీటింగ్‌లో పనికొస్తుంది.

డక్ట్‌మేస్త్రి

ముందు ఆ 12 సంగతి తేల్చండి, మిగతావన్నీ దాని తర్వాతే. ఆఫీసులో చల్లబరిచిన గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటాం. ల్యాబ్‌లో ఒక్కసారి వాడి పైకప్పు మీంచి ఊదేస్తాం. ఒకే విస్తీర్ణానికి ల్యాబ్ ఆఫీసు కంటే ఐదు నుంచి పది రెట్లు ఎనర్జీ తినడానికి ప్రధాన కారణం ఇదే.

మీ డిజైన్ రోజున 35 డిగ్రీల గాలిని 13 దాకా చల్లబరిచి తేమ పిండాలంటే గంటకు ప్రతి 1,000 ఘనపు మీటర్లకూ 16–17 కిలోవాట్ల కూలింగ్ పడుతుంది, సుమారు 4.7 టన్నులు (ఒక ఏసీ టన్ను అంటే 3.5 కిలోవాట్లు). 2,000 చ.మీ. ల్యాబ్, 3 మీటర్ల ఎత్తు, అంటే 6,000 ఘ.మీ. 12 మార్పులకు గంటకు 72,000 ఘ.మీ. గాలి, 340 టన్నులు. 6 మార్పులకు 170. ఆ ఒక్క అంకె సగమైతే చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం), కూలింగ్ టవర్ (ఆ వేడిని బయటికి వదిలేది), పంపులు, ట్రాన్స్‌ఫార్మర్, షాఫ్టుల వెడల్పు అన్నీ చిన్నవవుతాయి. మిగతా గ్రీన్ పనులకు డబ్బు కూడా అక్కడి నుంచే మిగులుతుంది.

గదికి ఎంత గాలి కావాలో మూడు లెక్కలు విడివిడిగా వేసి పెద్దది తీసుకోవాలి. హుడ్‌లు (ఆవిర్లను పీల్చి బయటికి పంపే గాజు తలుపు పెట్టెలు) ఎంత లాగుతున్నాయి, ఆవిర్లు పలచబడటానికి ఎంత కావాలి, వేడి తీయడానికి ఎంత కావాలి. 12 అని రాసేవాళ్ళు సాధారణంగా మూడో లెక్క దగ్గర బోల్తా పడతారు. 100 చ.మీ. గది చూడండి. 6 మార్పులంటే గంటకు 1,800 ఘ.మీ. ఆ గాలిని 13 డిగ్రీల్లో పంపి గదిని 23 దగ్గర ఉంచితే 6 కిలోవాట్ల వేడి తీస్తుంది, చ.మీ.కు 60 వాట్లు. పరికరాల వేడిని నేమ్‌ప్లేట్లు చూసి కూడితే చ.మీ.కు 120 దాటుతుంది, అప్పుడు 12 మార్పులు తప్పవనిపిస్తుంది. కానీ నేమ్‌ప్లేట్ మీద రాసినంతా ఏ యంత్రమూ రోజంతా తినదు. సెంట్రిఫ్యూజ్, పీసీఆర్ యంత్రం, ఇంక్యుబేటర్ అన్నీ ఒకేసారి ఫుల్ లోడ్‌లో ఉండే గడియ ఎప్పుడో గాని రాదు. ఇలాంటి పని జరిగే పాత ల్యాబ్‌లో రెండు వారాలు క్లాంప్ మీటర్ (కరెంటు కొలిచేది) పెట్టి 15 నిమిషాల రీడింగులు తీయించండి. ఆ ఒక్క కాగితంతో వాదన తేలిపోతుంది.

నిజంగానే వేడి ఎక్కువున్న గదుల్లో ఆ మిగులు వేడిని బయటి గాలితో తీయకండి. గదిలోనే ఫ్యాన్ కాయిల్ (చల్లటి నీళ్ళ గొట్టాల మీదుగా గది గాలిని ఊదేది) గానీ చిల్డ్ బీమ్ (సీలింగ్‌లో పెట్టే చల్లటి నీళ్ళ గొట్టాల పట్టీ) గానీ పెట్టి నీళ్ళతో తీయండి. చిల్డ్ బీమ్‌కు నీళ్ళు 14–16 డిగ్రీల్లో చాలు, చిల్లర్‌కు కూడా పని తేలిక. ఉక్క వాతావరణంలో ఒక షరతు ఉంది. గది డ్యూపాయింట్ (గాలిలో తేమ నీళ్ళుగా మారే ఉష్ణోగ్రత) ఆ నీటి ఉష్ణోగ్రత కంటే కింద ఉండాలి, లేకపోతే బీమ్ నుంచి బెంచి మీదికి చుక్కలు కారతాయి. బీమ్ నీటి వాల్వుకు డ్యూపాయింట్ సెన్సర్ తప్పనిసరిగా ముడిపెట్టండి. కిటికీలు తెరుచుకునే గదిలో బీమ్ ఊసే వద్దు.

12 మార్పుల్లో ఇంకో నష్టం ఉంది. రాత్రి గదిలో వేడి 2 కిలోవాట్లే ఉంటుంది, గాలేమో 12 కిలోవాట్ల చల్లదనం మోసుకొస్తుంది. గది గడ్డకట్టకుండా రీహీట్ కాయిల్ మిగతా పదినీ వేడిగా తిరిగి పోస్తుంది. చల్లబరిచినందుకు ఒక బిల్లు, దాన్నే వేడిచేసినందుకు ఇంకో బిల్లు. 6 మార్పులకు దిగినా రీహీట్ పూర్తిగా పోదు. దానికి చిల్లర్ బయటికి వదిలే (కండెన్సర్) వేడి వాడండి, బాయిలర్ జోలికి పోవద్దు.

బయోసేఫ్టీ_డెస్క్

డక్ట్‌మేస్త్రి గారి లెక్క సరైనదే. ఒక జాగ్రత్త: 6 అనే అంకె కూడా గుడ్డిగా అన్ని గదులకూ రాయకండి. ఒక్కో గదిలో ఏ రసాయనాలు, ఎన్ని లీటర్లు, తెరిచి వాడతారా మూసి వాడతారా అని పరిశోధకులతో కూర్చుని రాసుకోండి. సెల్ కల్చర్, పీసీఆర్ గదులకు మనుషులున్నప్పుడు 6, లేనప్పుడు 4 సాధారణంగా చాలు. సాల్వెంట్లు లీటర్ల కొద్దీ తెరిచే గదికి 8 గానీ 10 గానీ కావచ్చు. బీఎస్ఎల్-2 (బీఎస్ఎల్-3 కంటే ఒక మెట్టు తక్కువ ప్రమాదం) అన్నంత మాత్రాన ఇన్ని మార్పులుండాలని అమెరికా బయోసేఫ్టీ మార్గదర్శకాల్లో ఎక్కడా అంకె లేదు. అక్కడ అడిగేది పద్ధతి, క్యాబినెట్, శిక్షణ.

గాలి ఎక్కువ పోస్తే సేఫ్టీ పెరుగుతుందనేది సగమే నిజం. ఫ్యూమ్ హుడ్ ముందు డిఫ్యూజర్ (సీలింగ్‌లో గాలి వచ్చే జాలి) నుంచి వేగంగా గాలి పడితే లోపలి ఆవిరిని అదే బయటికి లాక్కొస్తుంది. హుడ్ ముఖం దగ్గర గది గాలి వేగం, హుడ్ లోపలికి లాగే వేగంలో సగం దాటకూడదు, మూడో వంతు లోపు ఉంటే ఇంకా మంచిది. లోపలికి లాగే వేగం కూడా సెకనుకు 0.5 మీటర్లు చాలు. 0.7 దాటితే పని చేసేవాడి ఛాతీ ముందు సుడులు లేస్తాయి. మంచి డిజైన్ ఉన్న హుడ్‌లు 0.3–0.4 దగ్గరే ట్రేసర్ గ్యాస్ పరీక్ష (హుడ్‌లో గ్యాస్ వదిలి బయటికి ఎంత వస్తుందో కొలవడం) పాసవుతాయి. ఆ పరీక్ష ఫ్యాక్టరీలో ఒకసారి, మీ గదిలో బిగించాక ఇంకోసారి జరగాలని టెండర్‌లో రాయండి.

1.8 మీటర్ల హుడ్‌కు గాజు తలుపు 45 సెంటీమీటర్లు తెరిచి ఉంటే లోపలి వెడల్పు 1.6 మీటర్ల లెక్కన గంటకు 1,300 ఘ.మీ. లాగుతుంది. అంటే ఒక్క హుడ్‌కు 6 టన్నులు. వీఏవీ హుడ్ (అవసరాన్ని బట్టి గాలి మార్చుకునేది) అయితే తలుపు మూసినప్పుడు 300–500కు దిగుతుంది, కానీ మూసినప్పుడే. అందుకని మనిషి ముందు నుంచి తప్పుకున్నాక తలుపును తనంతట తానే దించే సాష్ క్లోజర్ పెట్టించండి. బోర్డులు రాసి పెడితే నెల రోజులు పనిచేస్తాయి, ఆపైన ఎవరూ చూడరు.

హుడ్‌లు ఎన్ని అనేది కూడా మళ్ళీ అడగండి. సెల్ కల్చర్‌కు కావలసింది బయోసేఫ్టీ క్యాబినెట్ (సూక్ష్మజీవుల్ని ఫిల్టర్‌తో ఆపే పెట్టె), కెమికల్ హుడ్ కాదు. క్యాబినెట్లలో క్లాస్-2 ఏ2 రకం గాలిలో దాదాపు 70 శాతాన్ని హెపా (సూక్ష్మ కణాల్ని పట్టే ఫిల్టర్) మీదుగా లోపలే తిప్పుకుని, మిగతాది హెపా మీదుగానే గదిలోకి వదులుతుంది. బీ2 రకం మొత్తం బయటికి తోస్తుంది. 1.2 మీటర్లదే గంటకు వెయ్యి ఘ.మీ. పైన తాగుతుంది, డక్టులో ఒత్తిడి కూడా ఎక్కువ అడుగుతుంది. బీ2 కావాలన్న చోట ఏ ఆవిరి కోసం అని అడగండి. కొద్దిపాటి ఆవిర్లకు ఏ2 మీద క్యానపీ కనెక్షన్ (పైన వదులుగా నిలిపిన ఎగ్జాస్ట్ మూత) సరిపోతుంది. క్యానపీకీ క్యాబినెట్‌కీ మధ్య 25 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. చూడటానికి లీకులా ఉందని మేస్త్రీలు సిలికాన్ పూసి మూసేస్తుంటారు. అలా మూస్తే భవనం ఎగ్జాస్ట్ ఊగిసలాడినప్పుడల్లా క్యాబినెట్ గాలి కూడా ఊగుతుంది.

బీఎస్ఎల్-3 సూట్‌ను ఈ పొదుపు లెక్కల్లోంచి తీసెయ్యండి. దానికి వేరే ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి పంపే యంత్రం), వేరే ఎగ్జాస్ట్, గాలి ఎప్పుడూ బయటి గదుల నుంచి లోపలికే. అక్కడ మీ చేతిలో ఉన్న పొదుపు ఒక్కటే: సూట్ విస్తీర్ణం. వాడని చదరపు మీటరుకు కూడా ఇదంతా మోయాలి.

ప్లాన్‌షీట్

ఇద్దరికీ ధన్యవాదాలు. హీట్ రికవరీ (బయటికి పోయే గాలి చల్లదనాన్ని లోపలికి వచ్చే గాలికి ఇవ్వడం) గురించి కన్సల్టెంట్ రన్ అరౌండ్ కాయిల్ (రెండు గాలుల్లోని కాయిళ్ళను నీళ్ళ గొట్టంతో కలపడం) అంటున్నారు, 50 శాతం రికవరీ వస్తుందట. హీట్ వీల్ (రెండు గాలుల్లోనూ తిరిగే చక్రం) అయితే కాలుష్యం తిరిగి వస్తుందని వద్దంటున్నారు. అంతేనా?

డక్ట్‌మేస్త్రి

ఆ 50 శాతం దేంట్లో 50 అని అడగండి. రన్ అరౌండ్ కాయిల్ పొడి వేడిని మాత్రమే మారుస్తుంది, తేమ దాని చేతికి చిక్కదు. బయట 35, ఎగ్జాస్ట్ 24, తేడా 11 డిగ్రీలు. అందులో సగం 5.5 డిగ్రీలు, అంటే కిలో గాలికి 5.6 కిలోజౌళ్ళు. మీ గాలి నుంచి తీయాల్సిందేమో కిలోకు 54. నికరంగా మిగిలేది పదో వంతు. ఆ పదో వంతు కోసం రెండు కాయిళ్ళ అడ్డును ఫ్యాన్లు ఏడాది పొడుగునా దాటాలి. చలిదేశాల్లో ఇది బంగారం, ఉక్క వాతావరణంలో అంత లేదు. పెట్టాల్సే వస్తే కాయిల్ ముందు ఎగ్జాస్ట్ గాలిని నీళ్ళతో తడపండి. 24 డిగ్రీల గాలి 17–18కి దిగుతుంది, రికవరీ ఒకటిన్నర రెట్లు అవుతుంది.

ఎంథాల్పీ వీల్ అనే రకం హీట్ వీల్ తేమను కూడా పట్టుకుంటుంది. 75 శాతం వీల్ అయితే అదే 54లో 32 దాకా, అంటే సగానికి పైనే తిరిగి వస్తుంది. మీ కన్సల్టెంట్ భయం కూడా ఉత్తది కాదు. హుడ్, బీఎస్ఎల్-3, ఎలుకల గదుల ఎగ్జాస్ట్ వీల్ మీదికి రాకూడదు, ఖాయం. అందుకే ఎగ్జాస్ట్‌ను మొదటి డ్రాయింగ్‌లోనే రెండుగా చీల్చండి. ఆఫీసులు, కారిడార్లు, టాయిలెట్లు, సేఫ్టీ కమిటీ ఒప్పుకుంటే హుడ్ లేని సాధారణ ల్యాబ్ గదుల గాలి ఒక డక్టు, దాని మీద వీల్. ప్రమాదకరమైనదంతా వేరే డక్టు, వీల్ లేకుండా. వీల్‌కు 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్ పూత (నీటి ఆవిరినే పట్టే సన్నటి రంధ్రాలది), పర్జ్ సెక్టార్ (వీల్‌లో మిగిలిన ఎగ్జాస్ట్ గాలిని ఊడ్చే భాగం) అడగండి. ఫ్యాన్లు ఎలా అమర్చాలంటే వీల్ దగ్గర సప్లై వైపు ఒత్తిడి ఎగ్జాస్ట్ వైపు కంటే ఎక్కువ ఉండాలి, లీకయినా మంచి గాలే చెడ్డ వైపు పోవాలి. ఈ అమరిక తలకిందులైతే పర్జ్ ఉన్నా లాభం లేదు. ఫ్యాక్టరీ డ్రాయింగ్‌లో ఫ్యాన్ స్థానం మీరే చూడండి.

ఫ్యాన్ల దగ్గర ఇంకో రెండు. ఏహెచ్‌యూ కాయిల్ ముందు గాలి వేగం 2.5 మీటర్లకు బదులు 2 పెడితే కాయిల్, ఫిల్టర్ల అడ్డు మూడో వంతు దాకా తగ్గుతుంది. పెట్టె కాస్త పెద్దదవుతుంది, ప్లాంట్ రూమ్‌లో ఆ చోటు ఇప్పుడే పట్టుకోండి. రెండోది పైకప్పు ఎగ్జాస్ట్ చిమ్నీ. హుడ్‌లు మూసి గాలి తగ్గినప్పుడు చిమ్నీ వేగం సెకనుకు 15 మీటర్లు నిలపడానికి బైపాస్ డాంపర్ తెరిచి బయటి గాలినే పీల్చి ఊదుతారు, ఫ్యాన్ తగ్గే ప్రసక్తే ఉండదు. ఒక పెద్ద ఫ్యాన్‌కు బదులు మూడు నాలుగు చిన్నవి, ఒకటి అదనంగా పెట్టి, గాలి తగ్గినప్పుడు ఒక్కోటి ఆపండి.

మైనస్80

ఫ్రీజర్ల మాట ఎవరూ ఎత్తలేదు. వైద్య పరిశోధన భవనంలో −80 డిగ్రీల ఫ్రీజర్లు 40 ఉండటం మామూలే. పాతవి ఒక్కోటి రోజుకు 20 యూనిట్లు తింటాయి. నలభైకి 800 యూనిట్లు, అదంతా చివరికి గదిలో వేడిగానే తేలుతుంది: రాత్రీ పగలూ 33 కిలోవాట్లు, తొమ్మిదిన్నర టన్నులు. అవి ల్యాబ్ కారిడార్లలో ఉంటే ఈ వేడిని మీ ఖరీదైన బయటి గాలి మోయాలి. హైడ్రోకార్బన్ రిఫ్రిజిరెంట్ ఉన్న కొత్తవి 8–10 యూనిట్లతో నడుస్తాయి. సెట్టింగ్ −80 నుంచి −70కి పెంచితే మళ్ళీ మూడో వంతు దాకా తగ్గుతుంది. చాలా రకాల నమూనాలకు −70 చాలు, ఏవి కాదో పరిశోధకులు రాసివ్వాలి.

అంతస్తుకు ఒక ఫ్రీజర్ గది కేటాయించండి. దానికి బయటి గాలి 1–2 మార్పులు, వేడికి ఫ్యాన్ కాయిళ్ళు రెండు, ఒకటి ఆగినా రెండోది మోసేలా. వెనక 15–20 సెంటీమీటర్లు ఖాళీ. ద్రవ నత్రజని కూడా అదే గదిలో పెడితే ఆక్సిజన్ సెన్సర్, అది మోగినప్పుడు గాలి పెరిగేలా ఇంటర్‌లాక్ తప్పదు. దాన్ని వేరే గదిలో పెట్టడమే నా ఓటు. జనరేటర్ మీద ఫ్రీజర్లను ఐదైదుగా ఆలస్యంగా ఎక్కించండి. నలభై కంప్రెసర్లు ఒక్క క్షణంలో లేస్తే జనరేటర్ కూర్చుంటుంది. ఆ ఒక్క కారణంతోనే రెండింతల జనరేటర్ కొనిపిస్తారు.

నీటిలెక్క

నీళ్ళలో పెద్ద దొంగ ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం). డ్రెయిన్‌లోకి పోయే ఆవిరి నీళ్ళను 60 డిగ్రీల లోపుకు తేవడానికి పాత రకాల్లో చల్లటి నీళ్ళ ధార ఆగకుండా పారుతూనే ఉంటుంది. నిమిషానికి 3.8 లీటర్ల ధార రోజుకు 5,400 లీటర్లు దాటుతుంది, లోపల ఏమీ లేకపోయినా. డ్రెయిన్ వేడిని చూసి తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వ్ ఉన్నది కొనండి. వాక్యూమ్ పంపు నీళ్ళతో నడిచేది కాకుండా పొడిది అడగండి. కుళాయికి బిగించే వాటర్ జెట్ ఆస్పిరేటర్లు ఒక్కటి కూడా వద్దు, డయాఫ్రమ్ పంపు పెట్టండి. ఏ యంత్రాన్నైనా కుళాయి నీళ్ళతో ఒకసారి చల్లబరిచి డ్రెయిన్‌లోకి వదిలే కనెక్షన్ ఉంటే డ్రాయింగ్‌లోంచి కొట్టేయండి.

రాబడి వైపు మీకు ఉక్క వాతావరణం కలిసొస్తుంది. మీ డిజైన్ రోజున గంటకు ప్రతి 1,000 ఘ.మీ. గాలి నుంచి 13 లీటర్ల పైన నీళ్ళు కాయిల్ మీద కారతాయి. 36,000 ఘ.మీ.కు 480 లీటర్లు. ఆ గాలిని చల్లబరిచే 170 టన్నులకు కూలింగ్ టవర్ తాగే నీళ్ళలో ఇది సుమారు మూడో వంతు. ఖనిజాలు లేని నీళ్ళు కాబట్టి టవర్‌కు మేలు, కానీ క్లోరిన్ కూడా ఉండదు. ట్యాంకులో నిలవబెట్టకుండా నేరుగా టవర్ బేసిన్‌కు తోసి అక్కడి బయోసైడ్ కిందికి తెచ్చేయండి. దారిలో రాగి గొట్టాలు వద్దు, తినేస్తుంది. ఏహెచ్‌యూ డ్రెయిన్ ట్రాప్ (నీళ్ళు నిలిచే గొట్టం వంపు) లోతు ఫ్యాన్ పీల్చే ఒత్తిడి కంటే ఎక్కువ ఉండాలి, లేదంటే నీళ్ళు ట్రేలోనే నిలిచి ఫంగస్ పడుతుంది.

శుద్ధజలం: భవనం మొత్తానికి అత్యున్నత గ్రేడ్ నీళ్ళు తిప్పకండి. ఆర్వో గ్రేడ్ ఒక లూప్, అల్ట్రాప్యూర్ కావలసిన బెంచి దగ్గరే చిన్న పాలిషర్ (చివరి శుద్ధి యంత్రం). ఆర్వో వదిలేసే నీళ్ళు టాయిలెట్ ఫ్లష్‌కు.

సెక్షన్‌డ్రాయింగ్

ఆర్కిటెక్ట్ జాబితా మీద నా మాట. రెండు పొరల ముఖభాగం తీసెయ్యండి. గోడల గుండా వచ్చే వేడి ఇక్కడ చిన్న పద్దు. గాజు 30–40 శాతానికి పరిమితం చేసి బయట ఛాయ పెడితే సరిపోతుంది. సోలార్ ఉంచండి, కానీ దాని మీద ఆశలు పెంచుకోవద్దు. 1,500 చ.మీ. పైకప్పులో సగం ఫ్యాన్లకూ చిమ్నీలకూ పోతుంది. మిగతా 750లో 150 కిలోవాట్ల పలకలు, మంచి ఎండున్న చోట ఏడాదికి 2.1–2.2 లక్షల యూనిట్లు. ఈ భవనం చ.మీ.కు 350 యూనిట్లు తింటుందనుకుంటే మొత్తం 21 లక్షలు, అంటే సోలార్ పదో వంతు. గాలి తగ్గించకుండా పలకలు బిగించడం చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. పలకలు కడిగే మనిషి హుడ్ చిమ్నీ పక్కన నిలబడకుండా దారి గీయండి. రూఫ్ గార్డెన్‌కు ఇక చోటెక్కడిది?

ప్లాన్‌లో అన్నిటికంటే చవకైన పొదుపు వేరే ఉంది. రాసుకునే బల్లలను ల్యాబ్ నుంచి బయటికి తెచ్చి, గాజు గోడ అవతల కిటికీల పక్కన వేయండి. ఆ చోటు ఆఫీసు లెక్కలోకి వస్తుంది, గాలి తిప్పి వాడుకోవచ్చు, పగటి వెలుగూ దక్కుతుంది. 2,000 చ.మీ. ల్యాబ్‌లో ఇలా 300–400 బయటపడొచ్చు. ల్యాబ్ లోపల సీలింగ్ లైట్లు 300 లక్స్, బెంచి మీద విడి లైటుతో 500.

కాంక్రీట్ కూడా పర్యావరణ పద్దే. మైక్రోస్కోపుల కోసం అన్ని స్లాబుల్నీ కంపనం లేకుండా మందంగా పోయిస్తారు. సెకనుకు 25 మైక్రోమీటర్ల కంపన వేగం లాంటి కఠినమైన హద్దు కావలసిన ఇమేజింగ్ గదులన్నీ నేల అంతస్తులో పెట్టి, పై అంతస్తులను 50 దగ్గర వదిలేస్తే స్లాబులు పలచబడతాయి. ఎలుకల గదులతో చోటుకు తగువు వస్తుంది, ఇప్పుడే కూర్చోబెట్టి తేల్చండి.

భవనం ఎక్కువ కాలం బతకడం అన్నిటికంటే పెద్ద గ్రీన్. 1960లలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ అంతస్తుల మధ్య పైపులకూ డక్టులకూ మనిషి నిలబడే ఎత్తున సర్వీస్ అంతస్తులు పెట్టారు. ఆ భవనం ఇప్పటికీ ల్యాబ్‌గానే నడుస్తోంది. మీకు అంత ఖర్చు అక్కర్లేదు. అంతస్తు ఎత్తు 4.2–4.5 మీటర్లు, 3.3 మీటర్ల మాడ్యూల్ (గదులు విభజించే కొలత), షాఫ్టులో ఐదో వంతు ఖాళీ ఉంటే చాలు.

ప్లాన్‌షీట్

టీవీఓసీ (గాలిలోని రసాయన ఆవిర్ల మొత్తం), కణాలు చూసి గాలిని పెంచే సెన్సర్ వ్యవస్థ కూడా కొటేషన్‌లో ఉంది. పెట్టాలా?

బయోసేఫ్టీ_డెస్క్

సాధారణ ల్యాబ్‌లకు పనికొస్తుంది. 4 మార్పుల దగ్గర నడిపి, ఏదైనా ఒలికితే 10–12కు లేస్తుంది. కానీ ఆ సెన్సర్‌కు అన్ని రసాయనాలూ కనబడవు. కనబడనివి వాడే గదుల్ని దాని కింద పెట్టొద్దు. ఆరునెలలకోసారి క్యాలిబ్రేషన్ ఒప్పందం ఐదేళ్ళకు ఇప్పుడే ధర కట్టించండి. అది లేకపోతే కొనకండి, మనుషుల ఉనికి సెన్సర్‌తో 6–4 మార్చుకోవడం దానికంటే నమ్మకం.

డక్ట్‌మేస్త్రి

అప్పగింతకు ముందు ఈ మూడు పరీక్షలు రాయించుకోండి. ఒకటి: రీహీట్ వాల్వులన్నీ మూయమని ఆదేశమిచ్చి ప్రతి కాయిల్‌కు ముందూ వెనకా గాలి ఉష్ణోగ్రత కొలవడం, అర డిగ్రీకి మించి తేడా ఉంటే వాల్వ్ లీకవుతున్నట్టే. రెండు: హుడ్‌లన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కరెంటు నిజంగా పడిపోయిందా చూడటం. మూడు: బీఎంఎస్‌లో (భవనం కంట్రోల్ కంప్యూటర్) చేత్తో ఓవర్‌రైడ్ చేసిన పాయింట్ల జాబితా తీసి ఒక్కోటీ విడుదల చేయడం. ఏహెచ్‌యూలు, చిల్లర్, ఫ్రీజర్ గదులు, ప్లగ్ లోడ్లకు (ప్లగ్‌కు తగిలించే యంత్రాలు) వేరువేరు మీటర్లు పెట్టించి కాంట్రాక్టర్ చివరి పదిశాతం బిల్లు ఏడాది రీడింగులకు ముడిపెట్టండి. పరీక్షలు ఒకసారి ఉక్క నెలలో, ఇంకోసారి చల్లటి పొడి నెలలో పడాలి. డ్యూపాయింట్ తప్పులు ఉక్కలోనే బయటపడతాయి, రీహీట్ తప్పులు చల్లటి రోజునే.